కామా తర్వాత

బ్ర్నోలో ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయింది.
కిటికీ అద్దం మీద చినుకులు తమ లెక్క తాము చూసుకుంటున్నాయి.
నా లెక్క నాది:
ఒకే పేరు, ఒకే సంఖ్య, ముగ్గురు పిల్లలు.

పిల్లలు అనకూడదు, బొహ్దానా ఊరుకోదు.
"పోలికలు ఇంట్లో పెట్టి రా. లాగ్ చదువు."

సరే, లాగ్.
పేర్లను అక్షరక్రమంలో పేర్చే చిన్న ప్యాకేజీ ఇది.
మా చెక్ భాషలో ఒక అక్షరం ఉంది,
రాస్తే రెండు, పలికితే ఒకటి.
గొంతు గీరుకుంటూ ఖ లాగా వస్తుంది,
దాని చోటు హ తర్వాత.
పోయిన నెల నా చేతుల్లోనే
ఆ జంట విడిపోయింది.
ఆసుపత్రి జాబితాలో
ఖలౌప్కోవా అనే పెద్దావిడ పేరు
ఎక్కడో మొదటి పేజీకి ఎగిరిపోయింది.
నర్సు ఎప్పుడూ చూసేచోట చూసింది. లేదు.
ఎవరి ప్రాణమూ పోలేదు.
ఆవిడ మధ్యాహ్నం దాకా కోటు విప్పకుండా కూర్చుంది,
అంతే.
ఆ అంతే అనే మాట
నాలుగు రాత్రులుగా నా దిండు కింద ఉంది.

బొహ్దానా కొత్తలో చిత్తు అనేదే లేదు.
కట్టడం పూర్తయ్యాక తప్పు కనబడితే
ఆ సంఖ్య ఇక ఖర్చయిపోయినట్టే.
ఆవిడ మొదటి ప్యాకేజీ
పదిహేడో సంఖ్యతో గడప దాటింది.
మిగతా పదహారూ ఏవని ఎవరో అడిగితే
"ఫీజు కట్టాను" అందట.

ఇప్పుడు సంఖ్య పక్కన ఒక కామా,
కామా తర్వాత డ్రాఫ్ట్ అనే మాట, ఒక వరుస నంబరు.
ఎన్నిసార్లయినా కట్టుకో, కూల్చుకో,
అసలు పేరు మాసిపోదు.

మొదటిది పెద్దక్షరాలను కలిపింది, చిన్నక్షరాలను మరిచింది.
రెండోది అన్ని యంత్రాల మీదా నడిచి
బైట్లను తలకిందులుగా చదివే ఆ ముసలి యంత్రం దగ్గర
బోర్లా పడింది.
మూడోది
పచ్చగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పచ్చగా.

నా వేలు బటన్ మీదికి వెళ్ళింది.
"దేని మీద నిలబెట్టి కట్టావు?"
వెనక్కి తిరక్కుండానే అడిగింది బొహ్దానా.

చూశాను. కట్టిన గదిలోకి ఏమేం వచ్చాయో ఆ జాబితా,
రెండువందల పన్నెండో వరుస:
ఒలోమోత్స్‌లో రాదిమ్ కడుతున్న అక్షరాల పట్టిక.
దాని పేరు చివరా ఒక కామా.
రేపు రాదిమ్ మనసు మార్చుకుంటే
నా పచ్చదనం గాలిలో వేలాడుతుంది.
చిత్తు మీద చిత్తు.
ఎవరూ అబద్ధం చెప్పలేదు,
అయినా ఏదీ నిజం కాదు.

నాలుగోది మొదలుపెట్టాను, గట్టి నేల మీద.
నలభై ఒక్క నిమిషాలు.
కాఫీ యంత్రం చిల్లర మింగి కప్పు ఇవ్వలేదు.
బొహ్దానా రాత్రి బస్సు ఒకటి వదులుకుంది,
నాకోసమని మాత్రం అనలేదు.

తర్వాత ఆ ప్రశ్న, తెర మీద, మర్యాదగా:
దీన్ని అసలుదిగా చేయమంటారా?
చేశాక వెనక్కి రాదు.
మిగతా మూడింటికీ ఈ పేరు ఇక దక్కదు.

నొక్కాను.
లోపల ఒక్క బైటూ కదల్లేదు.
అవే ఫైళ్ళు, అదే బరువు.
కామా ఒక్కటే రాలింది,
దాని వెనకున్నదంతా దానితోపాటు.

గురువారానికి ఆసుపత్రికి చేరుతుందేమో.
నర్సు వేలు హ దాటి కిందికి జారి
పేరు దగ్గర ఆగుతుంది.
ఏదో బాగయిందని ఆమెకు తెలియదు.
తెలియకపోతేనే నా పని అయినట్టు.

చిత్తులను మూడు వారాల్లో సర్వరే ఊడ్చేస్తుంది.
మూడోదాని లాగ్
నా దగ్గర ఒక ప్రతి దాచుకున్నాను.
దాని తప్పేమీ లేదు, నిలబడ్డ చోటు తప్ప.
బొహ్దానాకి చెప్పలేదు.